లోతారే కనుమలో కొండమొక్కల తోట: చూసినవాళ్ళు, చూడాలనుకుంటున్నవాళ్ళు ఇక్కడ రాయండి

మొలక_హనుమకొండ
జూలై 12, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. చల్లటి కొండల మీద పెరిగే ఎడెల్‌వైస్ అనే పూలమొక్క పేరు నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మొక్కను మాత్రం ఎన్నడూ చూడలేదు. ఈ నెల మొదటి వారంలో చూశాను. ఆ సంతోషం ఇంట్లోవాళ్ళకు చెప్పి చెప్పి, ఇక ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయి ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. అక్కడి నుంచి బ్రియాన్సోఁ వైపు వెళ్ళే కొండదారిలో సుమారు 90 కిలోమీటర్లు పోతే ఆల్ప్స్ పర్వతాల్లోని లోతారే కనుమ వస్తుంది. కనుమ ఎత్తు 2,058 మీటర్లు. దానికి కాస్త పైన, 2,100 మీటర్ల దగ్గర ఉంది తోట. గ్రెనోబుల్ ఊరు మాత్రం 212 మీటర్ల ఎత్తులోనే ఉంది, అంటే మన వరంగల్ కంటే పల్లం. పొద్దున చెమట పట్టే ఎండలో బయలుదేరిన మేము, కనుమలో దిగగానే స్వెటర్లు తొడుక్కున్నాం. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుందని ఏటా పాఠం చెప్పేదాన్ని. ఆ వాక్యం చెవులకూ చేతివేళ్ళకూ తెలియడం ఇదే మొదటిసారి.

తోటను 1899లో మొదలుపెట్టారు. గ్రెనోబుల్ విశ్వవిద్యాలయం చూసుకుంటోంది. విస్తీర్ణం రెండు హెక్టార్లే, అంటే మన లెక్కలో ఐదెకరాలు. అందులో రెండు వేలకు పైగా జాతులు! ప్రపంచంలోని పర్వతాలను ముక్కలుగా కోసి అక్కడక్కడా పెట్టినట్టు అమర్చారు. రాకీ పర్వతాల మళ్ళు, కాకసస్ మళ్ళు, జపాన్ మళ్ళు, మన హిమాలయాల మళ్ళు. ఒక మడి నుంచి ఇంకో మడికి నాలుగు అడుగులు. ఎదురుగా లా మేజ్ శిఖరం, దాదాపు నాలుగు వేల మీటర్లది, భుజాల మీద హిమానీనదాలతో నిలబడి ఉంటుంది.

తోటంతా మోకాళ్ళ కిందే ఉంది. వంగనిదే ఏదీ కనబడదు. సైలీన్ అకాలిస్ అనే మొక్క ఉంది. బోర్లించిన ముంతలా చిన్న పచ్చటి గుబ్బ, దాని మీద చిన్న చిన్న గులాబీ పూలు. పది నిమిషాలు దాని ముందే కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన కూడా కూర్చుని భూతద్దంతో చూస్తున్నారు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. భూతద్దం నా చేతికిచ్చారు.

హిమాలయాల మడిలో నీలి గసగసాల పువ్వు, మెకనాప్సిస్, విచ్చుకుని ఉంది. అంత నీలం పువ్వుకు ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మను. మన దేశపు కొండల మొక్కను అంత దూరం వెళ్ళి చూడవలసి వచ్చిందే అని కొంచెం బాధ కూడా కలిగింది.

ఇలాంటి కొండతోటలు చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?


నిర్మల్_గడ్డిపూలు
జూలై 12, రాత్రి 10:02

మేడమ్, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఒక్క సందేహం. హిమాలయాల మడిలో బ్రహ్మకమలం ఉందా? మా అమ్మ డాబా మీద కుండీలో పెంచుతోంది. పోయిన నెలలో ఒకే రాత్రి పదకొండు పూలు పూసింది. వీధి వీధంతా వచ్చి దండం పెట్టుకుని వెళ్ళారు. మంచుకొండల పువ్వు నిర్మల్ ఎండల్లో ఎలా పూస్తోందా అని నాకెప్పుడూ ఆశ్చర్యమే.


మొలక_హనుమకొండ
జూలై 12, రాత్రి 10:40

మీ ఆశ్చర్యం సరైనదే తమ్ముడూ. మీ అమ్మగారు పెంచుతున్నది హిమాలయాల మొక్క కాదు. అది ఎపిఫిల్లమ్ అనే కాక్టస్, మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగేది. ఆకుల్లా కనిపించే ఆ పచ్చటి బద్దలు నిజానికి కాండం. రాత్రి పూసి తెల్లారేసరికి వాడిపోతుంది. వేడి, నీడ, కొంచెం నీరు ఉంటే చాలు, అందుకే మన తెలుగు ఇళ్ళల్లో ఇంత బాగా ఇమిడిపోయింది.

అసలు బ్రహ్మకమలం శాస్త్రీయ నామం సాసూరియా ఆబ్వల్లేటా. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. హిమాలయాల్లో చెట్లు కూడా పెరగని ఎత్తులో రాళ్ళ మధ్య ఉంటుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. లేత పసుపుపచ్చ దోనెల్లా కనిపించేవి రేకులు కావు, పుచ్ఛాలు, అంటే పూలను అంటిపెట్టుకుని ఉండే ఒక రకం ఆకులు. వాటి లోపల ఊదారంగు పూగుత్తులు దాక్కుని ఉంటాయి. నేను వెళ్ళిన రోజున తోటలో అది పూసి కనబడలేదు.

అమ్మగారి దండానికి ఇందులో లోటేమీ లేదు. రాత్రివేళ ఒక్కసారే విచ్చుకునే ఆ పువ్వు దండం పెట్టదగ్గదే. పేరు మాత్రం రెండు మొక్కలకూ ఒకటే అయిపోయింది.


కేయూ_ఎమ్మెస్సీ
జూలై 13, ఉదయం 7:25

మేడమ్, నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదువుతున్నాను. మీరు చెప్పిన పుచ్ఛాల గురించి కొంచెం చేర్చవచ్చా? అవి అలంకారానికి కావు. వెలుతురును లోపలికి రానిస్తాయి, గాలిని రానివ్వవు. లోపల పూలకు చిన్న గాజుగది దొరికినట్టే. సిక్కిం వైపు రియమ్ నోబిలే అనే మొక్క ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేస్తుంది. మనిషెత్తు పెరిగి, పై నుంచి కింది దాకా పలచటి లేతపసుపు పుచ్ఛాలు కప్పుకుని నిలబడుతుంది. చుట్టూ జానెడు మొక్కలే ఉన్న వాలు మీద అదొక్కటే స్తంభంలా దూరానికి కనిపిస్తుందట.

మీరు కూర్చుని చూసిన సైలీన్ గుబ్బ కూడా అలాంటి ఏర్పాటే. కొమ్మలు గట్టిగా దగ్గరకు అల్లుకుని ఉండడం వల్ల గాలి లోపలికి దూరదు. ఎండ ఉన్నప్పుడు గుబ్బ లోపలి వేడి బయటి గాలి కంటే పది డిగ్రీలకు పైగా ఎక్కువ ఉండవచ్చు. రాలిన ఆకులు లోపలే చివికి ఎరువవుతాయి. కింద తల్లివేరు లోతుగా దిగుతుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి మీరు చూసిన ముంతంత గుబ్బకు మీ కంటే ఎక్కువ వయసు ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఎడెల్‌వైస్ మీద తెల్లటి నూగు చూశారా? అది అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది, తేమ ఆరిపోకుండా కాపాడుతుంది.


మొలక_హనుమకొండ
జూలై 13, ఉదయం 8:05

చూశానమ్మా. ఉన్నిగుడ్డ కత్తిరించి చేసినట్టుంది. నక్షత్రంలా కనిపించే ఆ తెల్లటివి కూడా పుచ్ఛాలే, అసలు పూలు మధ్యలో ముడుచుకుని ఉన్నాయి. నా పాత విద్యార్థులకు రేకులు అని చెప్పానేమోనని ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నాను. చెప్పి ఉంటే ఈ చర్చ చదివేవాళ్ళు దిద్దుకోవాలి.


కరీంనగర్_నర్సరీ
జూలై 13, మధ్యాహ్నం 1:15

అమ్మా, నమస్కారం. నాది కరీంనగర్ దగ్గర నర్సరీ, ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఈ మొక్కల విత్తనాలు దొరుకుతాయా? ఏసీ గదిలో పెట్టి పెంచే ఆలోచన ఉంది. కొత్త మొక్క అంటే జనం బాగానే అడుగుతున్నారు. మట్టి ఎలా కలపాలో ఆ తోటవాళ్ళు చెప్పారా?


ఆదిలాబాద్_చలి
జూలై 13, సాయంత్రం 4:50

నాదీ ఇదే ప్రశ్న. మా వైపు డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు ఐదు డిగ్రీల కిందికి పడిపోతుంది. తెల్లవారుజామున మంటల చుట్టూ కూర్చుంటాం. తెలంగాణలో ఎక్కడైనా ఈ మొక్కలు బతకాలంటే అది మా దగ్గరే కదా?


మొలక_హనుమకొండ
జూలై 13, రాత్రి 8:30

ఇద్దరికీ కలిపి చెబుతాను.

మట్టి గురించి నేను చూసినది: తోటలో మట్టి కంటే రాయే ఎక్కువ. మళ్ళు ఏటవాలుగా ఉన్నాయి. మొక్క మొదలు చుట్టూ వేలెడు మందాన గులకరాళ్ళు పరిచారు. నీళ్ళు పోసిన క్షణంలోనే కిందికి జారిపోవాలి, మొదట్లో తడి నిలవకూడదు. కొన్ని జాతులను రెండు బండల సందులో నిలువుగా నాటారు, అసలు కొండమీద అవి అలాగే ఉంటాయి కాబట్టి. రాయి ఏ రకమన్నది కూడా ముఖ్యమే. ఆల్ప్స్‌లో రోడోడెండ్రాన్ అనే ఒక పూలపొద సున్నపురాయి నేలల్లో ఉంటుంది, దాని దగ్గరి బంధువు సున్నం లేని ఆమ్లనేలల్లో ఉంటుంది. రెండింటినీ ఒకే మట్టిలో పెడితే ఒకటి తప్పకుండా పాలిపోతుంది.

విత్తనాల విషయం. ఇలాంటి తోటలు ఒకదానితో ఒకటి విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మనం జేబులో వేసుకుని తెచ్చుకోవడం మాత్రం నేరం. విదేశీ విత్తనం దేశంలోకి రావాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఒక్క కొత్త తెగులు వస్తే మీ నర్సరీతోపాటు పక్క ఊరి మిరపచేలు కూడా పోతాయి.

ఇక చలి సంగతి. ఎముకలు కొరికే చలి ఈ మొక్కలకు కావాలి అనుకోవడం సగం నిజమే. శీతాకాలమంతా అవి మీటర్ల మందాన మంచు కింద నిద్రపోతాయి. ఆ మంచు వాటికి దుప్పటి. పైన సున్నాకు ఇరవై డిగ్రీలు తక్కువ ఉన్నా, కింద నేల దగ్గర సున్నాకు అటూ ఇటూగానే ఉంటుంది. ఆదిలాబాద్ చలి వాటిని చంపదు. చంపేది మన మే నెల.


కేయూ_ఎమ్మెస్సీ
జూలై 13, రాత్రి 9:20

మేడమ్ చెప్పినదానికి కారణం ఇదీ. మొక్క పగలు ఆహారం తయారు చేసుకుంటుంది, రాత్రి శ్వాసక్రియలో కొంత ఖర్చు పెడుతుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ. కొండ మీద రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి సంపాదన మిగులుతుంది. మన దగ్గర మే నెలలో రాత్రి కూడా ముప్పై డిగ్రీలు దాటుతుంది. సంపాదించినదంతా రాత్రికి రాత్రే కరిగిపోయి, కొన్ని వారాల్లో మొక్క చిక్కి చచ్చిపోతుంది.

నర్సరీ అన్నా, ఏసీ గది చల్లదనం ఇవ్వగలదు, కొండ మీది ఎండను ఇవ్వలేదు. దీపాలు కూడా పెట్టాలి. కరెంటు బిల్లు ఒక్కసారి లెక్క వేసుకోండి.


కరీంనగర్_నర్సరీ
జూలై 13, రాత్రి 9:55

లెక్క వేశాను తల్లీ. ఆ ఆలోచన మానుకున్నాను. ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. గులకరాళ్ళు పరిచే పద్ధతి మాత్రం రేపే నా ఎడారి గులాబీ కుండీల్లో మొదలుపెడతాను. వానాకాలంలో మొదలు కుళ్ళి ఏటా యాభై, అరవై మొక్కలు పోతున్నాయి.


గోదావరిఖని_గని
జూలై 14, ఉదయం 6:10

రాత్రి షిఫ్టు దిగి చదివాను. ఫ్రాన్స్ వెళ్ళలేనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఉత్తరాఖండ్‌లో పూలలోయ ఉంది. అది ఎవరూ నాటిన తోట కాదు, కొండ తనంతట తాను పెంచుకున్నది. నాలుగేళ్ళ కింద ఆగస్టు మొదటి వారంలో నలుగురు మిత్రులం వెళ్ళాం.

రామగుండంలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ. అక్కడి నుంచి హరిద్వార్, తర్వాత జోషీమఠ్ మీదుగా గోవింద్‌ఘాట్. ఆపైన నడక. ఘాంఘరియా అనే చిన్న ఊళ్ళో రాత్రి ఉండాలి, దాని ఎత్తే మూడు వేల మీటర్లు దాటింది. లోయలో రాత్రి ఉండనివ్వరు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా తెరుస్తారు. పూలు నిండుగా ఉండేది జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు. వాన తప్పదు, కొండచరియలు విరిగి దారి మూసుకుపోవడం కూడా మామూలే. చేతిలో రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలోకి దిగింది. 1982లో జాతీయ ఉద్యానం చేశారు, 2005లో యునెస్కో జాబితాలో చేరింది. లోయలో ఒక సమాధి ఉంది. జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆమె 1939లో మొక్కలు సేకరించడానికి ఇంగ్లండ్ నుంచి వచ్చి, వాలు మీద కాలు జారి చనిపోయారు. ఆ రాతి ముందు మేము నలుగురం చాలాసేపు మాట్లాడుకోలేదు. భూమి లోపల పనిచేసే మనుషులం కదా, పనిలో ఉండగా పోయినవాళ్ళంటే మాకు వేరుగా అనిపిస్తుంది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడకకర్ర తప్పక తీసుకోండి. ఎక్కడం కంటే దిగడం కష్టం.


మొలక_హనుమకొండ
జూలై 14, ఉదయం 9:00

అన్నా, మీ మాటలు చదివి ఇంకోటి గుర్తొచ్చింది. మీరు యంత్రాల మధ్య పనిచేసేవారు కాబట్టి మీకు నచ్చుతుంది. 1908లో కెప్టెన్ స్కాట్ తన అంటార్కిటికా యాత్ర కోసం మోటారు స్లెడ్జీలను లోతారే మంచు మీదే నడిపి పరీక్షించారు. ఆయన స్మారకం తోట దగ్గరే ఉంది. పూలు చూడ్డానికి వెళ్ళి ఆ రాళ్ళ గుట్ట ముందు నేనూ కాసేపు నిలబడ్డాను.


పాకాల_తూనీగ
జూలై 14, రాత్రి 7:45

మూడు రోజులుగా చదువుతున్నాను. ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో ఉన్నది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. లక్షలు ఖర్చుపెట్టి ఆల్ప్స్‌లో మోకాళ్ళ మీద కూర్చున్నాం. మన వరంగల్ గోవిందరాజుల గుట్ట మీద ఎప్పుడైనా కూర్చున్నామా? ఓరుగల్లు అనే పేరులోనే రాయి ఉంది. ఈ రాళ్ళ మీద ఏం పెరుగుతుందో మనలో ఎంతమందికి తెలుసు?

మార్చిలో ఒక్క ఆకు లేకుండా పసుపు పూలతో వెలిగే కొండగోగు. ఎండాకాలం తెల్లటి బెరడుతో మెరిసే తపసి. బండ పగుళ్ళలో ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండిపోయి, వాన పడ్డ కొన్ని గంటల్లో పచ్చబడే ట్రైపోగాన్ గడ్డి. వానలప్పుడు బండల అంచున తడి నిలిచే చోట ఎర్రటి వెంట్రుకలతో పురుగులను పట్టుకునే డ్రాసెరా. వీటికి పేరు రాసి ఒక్క పలక పెట్టినవాళ్ళు లేరు. క్వారీ లారీ వచ్చిన రోజున మందిలో ఏ ఒక్కరూ అవి పోయాయని బాధపడరు, ఉన్నాయని తెలియదు కాబట్టి.


మొలక_హనుమకొండ
జూలై 14, రాత్రి 9:30

మీ కోపం నాకు అర్థమైంది. అందులో నా మీద పడవలసిన వాటా నేను తీసుకుంటాను. ముప్పై ఏళ్ళలో పిల్లలను గుట్ట మీదికి తీసుకువెళ్ళింది నాలుగైదు సార్లే. సిలబస్‌లో లేదు అనుకునేదాన్ని.

అయితే ఒక్క మాట ఒప్పుకోలేను. అక్కడికి వెళ్ళడం వృథా కాదు. ఆ తోటలో ప్రతి మొక్క పక్కనా చిన్న పలక ఉంది: పేరు, కుటుంబం, పుట్టిన కొండ. ఆ పలక ఉన్నందుకే జనం ఆగుతున్నారు. అంగుళం మొక్క ముందు ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు ఆగి, పేరు కూడబలుక్కుని చదివి, వాళ్ళ అమ్మను పిలిచాడు. పలక లేకపోతే దాటిపోయేవాడు. నేను అక్కడ నేర్చుకున్నది మొక్కల కంటే ఆ ఆగడమే.


కేయూ_ఎమ్మెస్సీ
జూలై 14, రాత్రి 10:10

తూనీగ గారూ, మీరు చెప్పిన గుట్ట మొక్కలూ, మేడమ్ చెప్పిన కొండమొక్కలూ ఒకే పరీక్ష రాస్తున్నాయి. పలచటి మట్టి, నీడ లేని ఎండ, ఎదుగుదలకు దొరికే కొద్ది వారాలు. అక్కడ మంచు కరిగిన రెండు మూడు నెలలు, ఇక్కడ వాన కురిసిన రెండు మూడు నెలలు. మిగతా ఏడాదంతా ఓర్పు.

ఇంకో పోలిక కూడా ఉంది, అది భయపెట్టేది. యూరప్‌లో 302 శిఖరాల మీద పాత లెక్కలనూ కొత్త లెక్కలనూ పోల్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. వేడి పెరిగేకొద్దీ కింది మొక్కలు పైకి ఎక్కుతున్నాయి. 1957–1966 మధ్య శిఖరాలకు కొత్త జాతులు చేరిన వేగంతో పోలిస్తే 2007–2016 మధ్య వేగం ఐదు రెట్లు. కింది నుంచి బలమైనవి వస్తుంటే, ఇప్పటికే శిఖరం మీద ఉన్నవాటికి వెళ్ళడానికి ఇంకా పైన చోటు లేదు. మన గుట్టలు మరీ చిన్నవి. వాటి మీది మొక్కలకు ఎక్కే దారే లేదు.


నిర్మల్_గడ్డిపూలు
జూలై 15, ఉదయం 6:40

జాతరల్లో ఎండిన ఉండలా ముడుచుకున్న మొక్కను సంజీవని అని అమ్ముతారు. నీళ్ళలో వేస్తే తెరుచుకుంటుంది. అది కూడా ఈ కోవలోదేనా? హనుమంతుడు తెచ్చిన మొక్క అదేనంటారు.


పాకాల_తూనీగ
జూలై 15, ఉదయం 7:15

అవును, అది సెలాజినెల్లా. పూలు లేని పాత వంశపు మొక్క. ఎండితే చావదు, ముడుచుకుంటుంది. రామాయణంలో చెప్పిన మొక్క ఏదో ఎవరూ తేల్చలేదు, ఉత్తరాఖండ్‌లో ద్రోణగిరి ఊరివాళ్ళకు వాళ్ళ కథ వాళ్ళకుంది. మీరు మాత్రం జాతరలో కొనకండి. కొన్నకొద్దీ రాళ్ళ మీది నుంచి ఒలిచి తెస్తారు.

మేడమ్, నిన్న కొంచెం గట్టిగా రాశాను. పెద్దవారు, మన్నించండి. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు పద్మాక్షి గుట్ట మెట్ల దగ్గరికి వస్తారా? నిన్న రాత్రి మంచి వాన పడింది. ట్రైపోగాన్ పచ్చబడి ఉంటుంది. చెల్లీ, నువ్వూ మీ తరగతివాళ్ళూ రండి.


మొలక_హనుమకొండ
జూలై 15, ఉదయం 7:50

వస్తాను నాయనా. మోకాళ్ళ కింద వేసుకోవడానికి ఒక గోనెసంచీ తెచ్చుకుంటాను. ఎవరి దగ్గరైనా భూతద్దం ఉంటే తీసుకురండి, నాది అమ్మాయి ఇంట్లోనే మరిచిపోయి వచ్చాను.


కరీంనగర్_నర్సరీ
జూలై 15, ఉదయం 8:30

నేనూ మొదటి బస్సుకు వస్తాను. నర్సరీలో కుండీలకు గుచ్చే ప్లాస్టిక్ పలకలు, చెరగని సిరా కలం ఉన్నాయి. ఎన్ని తేవాలో చెప్పండి.


కేయూ_ఎమ్మెస్సీ
జూలై 15, ఉదయం 8:42

పలకలు బండ మీద గుచ్చితే గాలికి ఎగిరి చెత్తవుతాయి అన్నా. గుట్ట కింద, మెట్ల పక్కన ఒక్క బోర్డు పెట్టడానికి గుడివాళ్ళను అడుగుదాం. పేర్ల జాబితా నేను రాసుకొస్తాను. తెలుగు పేరు పైన, శాస్త్రీయ నామం కింద. ట్రైపోగాన్‌కు మన ఊళ్ళల్లో ఏదైనా పేరుందా? తెలిసిన పెద్దవాళ్ళు ఆదివారంలోపు ఇక్కడ రాయండి.